సమాధానం: సౌండ్ పెడితే మాటలు వినబడకపోవడం గురించి
టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రల్లా మాట్లాడుతూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో వాన, యుద్ధం సౌండ్ పెట్టగానే ఆటగాళ్ల మాటలు వినబడట్లేదని, సీన్ మారినప్పుడు ట్రాక్ వెతుకుతుంటే ఆట ఆగిపోతోందని అడిగారు కదా.

ముందు వాల్యూమ్. ఎవరూ గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగినంతే ఉంచండి. సాహిత్యం ఉన్న పాటలు అసలు వద్దు, చెవి అటే పోతుంది. స్పీకర్‌ని టేబుల్‌కి కాస్త దూరంగా జరపండి.

టేబుల్‌టాప్ ఆడియో అనే వెబ్‌సైట్‌లో ఇలాంటి ఆటల కోసం చేసిన ట్రాక్‌లు 10 నిమిషాలవి, ఉచితం, లూప్‌లో వదిలేయొచ్చు. నాకు మాత్రం సిరిన్‌స్కేప్ అనే సౌండ్ యాప్ ఎక్కువ ఇష్టం. అందులో వాన, గాలి, ఉరుము వేర్వేరుగా ఉంటాయి కాబట్టి మాటలకు అడ్డొచ్చేదాన్ని మాత్రమే తగ్గించవచ్చు. సత్రం, అడవి, పోరాటం అంటూ మూడు నాలుగు మూడ్‌లు (ఒక్కో సీన్‌కి సరిపడే సౌండ్ల సెట్లు) ఆటకు ముందే సిద్ధం చేసుకుంటే వెతుకులాట టెన్షన్ ఉండదు. ప్రతి కత్తి దెబ్బకీ సౌండ్ అక్కర్లేదు. అసలైన మలుపులో తలుపు ఒక్కసారి కిర్రుమంటే చాలు!

ఆన్‌లైన్‌లో ఆడుతుంటే మైక్ ముందు స్పీకర్ పెట్టకండి. కాల్ యాప్‌లో అనవసర శబ్దాల్ని తీసేసే నాయిస్ సప్రెషన్ ఆ సౌండ్‌ని గోల అనుకుని కోసేస్తుంది.