ఊరి పేరు చూసి సంచిలో వెయ్యకు

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ మీ పెద్దమ్మ నా బుర్ర తినేస్తోంది, "పిల్లకి ఏదో ఒకటి చెప్పండీ" అని. ఫోనులో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

మీ పట్టుచీరల దుకాణం పేరూ ఫొటోలూ పెట్టుకుని ఎవడో ఇన్‌స్టాగ్రాంలో బేరాలు చేస్తున్నాడన్నావు. విశాఖపట్నం ఆవిడ వాడికి డబ్బు పంపి, చీర రాక, నిన్ను తిట్టిందన్నావు. ఆవిణ్ణి ఏమంటాం? పేరు చూసి నమ్మింది.

నేను ఆర్.ఎం.ఎస్.లో, అదే రైల్వే టపా శాఖలో, ఉత్తరాలు సార్టింగు చేసిన రోజుల్లో మన గంజాం జిల్లా బరంపురంతో పెద్ద తలనొప్పి. బెంగాలులో ముర్షిదాబాద్ వైపు ఇంకో బరంపురం ఉంది. ఇంగ్లీషులో రాస్తే చివర్లో ఒకటి రెండక్షరాల తేడా, అంతే. పైగా మనదాన్నే ఒకరు బర్హంపూర్ అంటారు, ఒకరు బ్రహ్మపూర్ అంటారు. కొత్త కుర్రాళ్ళు ఊరి పేరు చూసి సంచిలో పడేస్తే గంజాం ఉత్తరం బెంగాలు చూసి వచ్చేది. పిన్‌కోడ్ 1972లోనే వచ్చినా సగంమంది రాసేవారు కాదు. రాస్తే మాత్రం నేను ఊరి పేరు చదివేవాణ్ణే కాదు. 760 అయితే మనది, 742 అయితే వాళ్ళది.

ఖాతాకి పెట్టుకునే పేరు ఆ ఊరి పేరులాంటిది. ఎంతమందైనా పెట్టుకోవచ్చు. యూజర్‌నేమ్, అదే @ గుర్తు పెట్టి రాసేది, పిన్‌కోడ్ లాంటిది, ఒకటి ఇద్దరికి ఇవ్వరు. అందుకే దొంగ దానికి చిన్న తోకో, చుక్కో తగిలిస్తాడు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ నాకు మొదట అచ్చం మీదే అనిపించింది. మీ పెద్దమ్మ భూతద్దం తెచ్చాక కనబడింది: 'సిల్క్' అన్నచోట 'ఎల్' తీసేసి ఒకటి అంకె వేశాడు వెధవ! ఇలాగే 'ఓ' బదులు సున్నా పెడతారు, 'ఎమ్' బదులు చిన్న 'ఆర్, ఎన్' ఆనించి పక్కపక్కన పెడతారు, ఒక అండర్‌స్కోర్ ఉండాల్సిన చోట రెండు గీస్తారు. అక్షరం అక్షరం వేలు పెట్టి చదవాలి.

పేరు పక్కన నీలం టిక్కు ఉంటే అసలుదేనని మురిసిపోకు. 2023 నుంచి మన దేశంలోనూ ఎక్స్‌లో (పాత ట్విట్టర్), ఇన్‌స్టాగ్రాంలో నెలనెలా డబ్బు కట్టి తెచ్చుకుంటున్నారు. ఎక్స్‌లో ప్రభుత్వ ఖాతాలకైతే బూడిదరంగుది ఉంటుంది.

ఇన్‌స్టాగ్రాంలో ఖాతా గురించి చెప్పే పేజీ ఒకటుంది. ఎప్పుడు చేరారో, ఏ దేశం నుంచి నడుపుతున్నారో, యూజర్‌నేమ్ ఎన్నిసార్లు మార్చారో చాలా ఖాతాలకు అక్కడ కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ళ దుకాణమని రాసుకుని, మొన్న పుట్టిన ఖాతా అయితే కాస్త ఆగాలి. అలాగని మీరూ మొన్ననే పెట్టారుగా! కొత్తదల్లా దొంగది కాదు. అదే పేరుతో నిజంగానే ఇంకో దుకాణం ఉండొచ్చు కూడా, తొందరపడి రచ్చ చెయ్యకు.

ఇంకోటి, వాడి ఖాతా నీకు కనబడటం లేదన్నావు. మూసేసి పోయాడనుకోకు, నిన్ను బ్లాక్ చేసి ఉంటాడు. అసలు వాళ్ళకి కనబడకుండా ముందు చేసే పని అదే. మీ ఆయన ఫోనులోంచి చూడు. చూడగానే రిపోర్టు కొట్టెయ్యకు. ముందు యూజర్‌నేమ్ కనబడేలా స్క్రీన్‌షాట్ తియ్యి, ప్రొఫైల్ లింకు కాపీ చేసి తారీకుతో రాసిపెట్టు. రేపు వాడు పేరు మార్చేస్తే నీ చేతిలో ఏమీ మిగలదు. ఆ తర్వాత రిపోర్టు చెయ్యి, పోలీసు ఫిర్యాదులో ఐటీ చట్టం 66డి సెక్షను రాయి. ఫోనులోనో కంప్యూటర్లోనో ఇంకొకరినని చెప్పుకుని మోసం చేస్తే మూడేళ్ళ దాకా జైలు ఉంది.

నా సంగతి నీకు చెప్పలేదు. నిరుడు నా పాత స్నేహితుడి ఫొటోతో ఫేస్‌బుక్‌లో "ఆస్పత్రిలో ఉన్నాను, మూడు వేలు పంపు" అని వస్తే పంపేశాను. యూపీఐలో ఇంకెవరి పేరో వచ్చింది. వాళ్ళబ్బాయేమోలే అనుకున్నాను. వాడికి కొడుకులే లేరు! మీ పెద్దమ్మకి ఇప్పటికీ తెలీదు, నువ్వూ చెప్పకు. అందుకే చెబుతున్నా, డబ్బు పంపే ముందు తెరమీద వచ్చే పేరు చదవమని మీ బిల్లుల మీదే అచ్చు వేయించు. పక్కనే మీ యూజర్‌నేమ్ కూడా పెద్దక్షరాల్లో.

ఆ విశాఖ ఆవిడకి ఈ రాత్రే ఫోను చెయ్యి. ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పమను, ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే ఆశ అంత. నిన్ను తిట్టడం తర్వాతైనా తిట్టొచ్చు.

పెద్దనాన్న