నాన్న ఇల్లు నా పేరు మీదికి మార్పించుకుంటే మెడికెయిడ్ వస్తుందా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి 78, అమ్మగారికి 74, ఇద్దరూ అమెరికా సిటిజన్లు. టెక్సస్‌లో లోన్ తీరిపోయిన ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంది. మూడేళ్లుగా మీరూ అదే ఇంట్లో ఉంటూ ఆయన్ని చూసుకుంటున్నారు. ఆయనకు డిమెన్షియా మొదలైంది. ఇల్లు వెంటనే మీ పేరు మీదికి మార్పించుకుంటే నర్సింగ్ హోమ్ ఖర్చు మెడికెయిడ్ (డబ్బు తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం చేసే వైద్య సాయం) పెట్టుకుంటుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

ఇప్పుడప్పుడే ఇల్లు మార్పించకండి. అంతకంటే ముందు కావాల్సింది ఇంకోటి ఉంది.

నేను లాయర్‌ని కాను. మా అత్తయ్యకు స్ట్రోక్ వచ్చి నర్సింగ్ హోమ్‌లో చేర్చినప్పుడు, ఇదే టెక్సస్‌లో మెడికెయిడ్ అప్లికేషన్ మొదటి నుంచి చివరిదాకా నేనే చూసుకున్నాను. మా ఆయనకు ఫారాలంటే భయం. కాబట్టి ఈ కాగితాల గోల నాకు కాస్త బాగానే తెలుసు.

ఆ ఇంకోటి డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే రేపు ఆయనకు విషయాలు అర్థం కాకపోయినా ఆయన తరఫున డబ్బు, ఆస్తి వ్యవహారాలు మీరు చూడటానికి ఆయన ఇచ్చే అధికార పత్రం. నాన్నగారికి తను ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో తెలుస్తున్నప్పుడే అది అయిపోవాలి. ఆ దశ దాటిపోతే కోర్టుకెళ్లి గార్డియన్‌షిప్ (ఆయన తరఫున నిర్ణయాలు తీసుకునే హక్కు) తెచ్చుకోవాలి. దానికి డబ్బూ ఎక్కువే, టెన్షనూ ఎక్కువే. డాక్టర్ డిమెన్షియా అని రాశాడు కాబట్టి ఇక సంతకం చెల్లదని కొందరు అనుకుంటారు, అది తప్పు. సంతకం చేసే ఆ సమయంలో ఆయనకు విషయం అర్థమైతే చాలు. అందుకని ఆయన తేటగా ఉండే పూట చూసి అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. లాయర్ ఆయనతో ఒంటరిగా మాట్లాడాలంటే నొచ్చుకోకుండా బయట కూర్చోండి. ఫీజు మీరే కట్టినా క్లయింట్ ఆయనే. ఇంకో మాట, టెక్సస్ మామూలు ఫారంలో ఆస్తి బహుమతిగా ఇచ్చే అధికారం, ట్రస్ట్ పెట్టే అధికారం వాటంతట అవే రావు, వాటిని విడిగా ఇవ్వాలి. ఆ రెండూ ఎందుకో కింద చెబుతాను. వైద్యానికి సంబంధించిన పవర్ ఆఫ్ అటార్నీ వేరే కాగితం, అదీ అప్పుడే చేయించేయండి.

ఇక ఇంటి సంగతి. అమ్మగారు ఆ ఇంట్లో ఉన్నంతకాలం మెడికెయిడ్ ఆ ఇంటిని నాన్నగారి ఆస్తి కింద లెక్కేయదు. అంటే లెక్కలోకే రాని ఆస్తిని మీరు కంగారుపడి మార్పిస్తున్నారన్న మాట. పైగా పిల్లల పేరున ఊరికే రాసిస్తే అది గిఫ్ట్ కిందికొస్తుంది. అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి వెనక్కి 60 నెలల్లో ఇచ్చిన ప్రతి గిఫ్ట్‌నూ చూస్తారు. ఇచ్చిన విలువను నర్సింగ్ హోమ్ సగటు ఖర్చుతో భాగించి, అన్ని రోజులు మెడికెయిడ్ ఆపేస్తారు. అసలు దెబ్బ ఎక్కడంటే, ఆ రోజుల లెక్క ఇల్లు రాసిచ్చిన నాడు మొదలవదు. మనిషి నర్సింగ్ హోమ్‌లో ఉండి, చేతిలో డబ్బంతా అయిపోయి, అప్లికేషన్ పెట్టాక అప్పుడు మొదలవుతుంది. అప్పటికి బిల్లు కట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

"ఏడాదికి 19,000 డాలర్లు ఎవరికైనా ఇవ్వొచ్చటగా" అని మీ వాళ్లు ఎవరో ఒకరు అంటారు, చూడండి. 2025లో గిఫ్ట్ ట్యాక్స్‌కు సంబంధించిన అంకె అది. మెడికెయిడ్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. ట్యాక్స్ వాళ్లు ఊరుకున్న గిఫ్ట్‌ను మెడికెయిడ్ వాళ్లు నిక్షేపంగా పట్టుకుంటారు.

మీకు మాత్రం ఒక దారి ఉంది. తల్లిదండ్రుల సొంత ఇంట్లో, వాళ్లు నర్సింగ్ హోమ్‌లో చేరడానికి ముందు కనీసం రెండేళ్లు కలిసి ఉండి, తన సేవ వల్లే వాళ్లు అన్నాళ్లూ ఇంట్లో ఉండగలిగారని చూపించగలిగిన కొడుక్కో కూతురికో ఇల్లు రాసిచ్చినా పెనాల్టీ పడదు. మనవాళ్లలో ఎక్కువగా అమ్మానాన్నలే పిల్లల ఇంట్లో ఉంటారు కాబట్టి ఇది మనలో చాలామందికి పనికిరాదు. మీది ఆయన ఇల్లు. మీ డ్రైవింగ్ లైసెన్స్ మీద ఆ అడ్రస్ ఉందా, ట్యాక్స్ రిటర్న్స్‌లో అదే ఉందా చూసుకోండి. స్నానం, మందులు, రాత్రిపూట లేచి తిరగడం, వీటిలో మీరు ఏం చేస్తున్నారో డాక్టర్ చేత ఇప్పటి నుంచే చార్ట్‌లో రాయించండి. రేపు ఈ దారిలో వెళ్లాల్సి వస్తే పవర్ ఆఫ్ అటార్నీలో గిఫ్ట్ అధికారం ఉండి తీరాలి.

అలా కాకపోతే లేడీ బర్డ్ డీడ్ గురించి లాయర్‌ని అడగండి. ఇల్లు నాన్నగారి పేరు మీదే ఉంటుంది, ఎప్పుడు కావాలన్నా మార్చుకోవచ్చు, ఆయన తదనంతరం ప్రొబేట్ (పోయినవాళ్ల ఆస్తిని కోర్టు ద్వారా పంచే పద్ధతి) లేకుండా ఆయన రాయించిన వాళ్లకు వస్తుంది. టెక్సస్ మెడికెయిడ్ తను పెట్టిన ఖర్చును మనిషి పోయాక ప్రొబేట్‌లోకి వచ్చే ఆస్తి నుంచే రాబట్టుకుంటుంది కాబట్టి ఇంటిని అది కాపాడుతుంది. ఇప్పుడే గిఫ్ట్‌గా తీసుకుంటే రేపు అమ్మేటప్పుడు ఆయన ఎప్పుడో కొన్న ధర నుంచి మీకు క్యాపిటల్ గెయిన్స్ (లాభం మీద పన్ను) లెక్కేస్తారు. వారసత్వంగా వస్తే ఆ రోజు మార్కెట్ ధర నుంచి లెక్క.

అప్లికేషన్‌లో మాకు నిద్ర లేకుండా చేసింది బ్యాంక్ స్టేట్‌మెంట్లు. ఐదేళ్లవి ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఇండియాకు వెళ్లిన ప్రతి వైర్‌కూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. చెల్లెలి ఆపరేషన్‌కు పంపినవి, మనవరాలి పెళ్లికి పెట్టినవి, గుడికి రాయించినవి, ఇండియా వెళ్లినప్పుడు ఏటీఎంలో తీసినవి. మనకు అది ఆడపడుచు లాంఛనం, ఆఫీసుకు అది గిఫ్ట్. ఒక్కోదానికి సమాధానం రాసి ఇవ్వాలి. మెడికెయిడ్ కోసం ఇచ్చింది కాదని రుజువు చూపిస్తే మినహాయించే వీలుంది. ఆపరేషన్ డబ్బుకు ఆసుపత్రి బిల్లులు, అప్పటి వాట్సాప్ మెసేజీలు, ఆ రోజుల్లో అత్తయ్య తనే కారు నడుపుకుంటూ ఆరోగ్యంగా ఉన్నారని డాక్టర్ కాగితం జతచేస్తే ఒప్పుకున్నారు. పెళ్లి డబ్బుకు ఒప్పుకోలేదు. మీరు ఇవాళ్టి నుంచి ఎవరికి ఎంత పంపినా ఎందుకో ఒక ముక్క రాసి పెట్టుకోండి.

డబ్బు విషయంలో అమ్మగారు వీధిన పడతారని భయం అక్కర్లేదు. దంపతులిద్దరి పొదుపూ కలిపి, సుమారుగా సగం ఆవిడకు ఉంచుతారు. 2025లో అది కనీసం 31,584, గరిష్ఠంగా 1,57,920 డాలర్లు. రెండు లక్షలుంటే ఆవిడకు లక్ష. నాన్నగారి వైపు మిగిలింది 2,000కు తగ్గాలి. ఆ తగ్గించడం పంచిపెట్టి కాదు, ఖర్చుపెట్టి. ఇంటి పైకప్పు బాగుచేయించడం, ఏసీ మార్చడం, అప్పులు తీర్చడం, అంత్యక్రియలకు ముందే కట్టేయడం, ఇవన్నీ చెల్లుతాయి. ఆయన నెలసరి ఆదాయం పరిమితి (2025లో 2,901 డాలర్లు) దాటితే మిల్లర్ ట్రస్ట్, అంటే ఆ ఆదాయం వేసే ప్రత్యేక ట్రస్ట్, పెట్టాలి. పవర్ ఆఫ్ అటార్నీలో ట్రస్ట్ అధికారం అన్నది ఇందుకే.

మెడికేర్ (పెద్దవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉందిగా అంటారేమో. ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా మూడు రోజులున్నాక, థెరపీ లాంటిది అవసరమైతే నర్సింగ్ హోమ్ ఖర్చు మొదటి 20 రోజులు పూర్తిగా ఇస్తుంది, 21 నుంచి 100వ రోజు దాకా రోజుకు కొంత (2025లో 209.50 డాలర్లు) మనం కట్టాలి, ఆ తర్వాత ఏమీ ఇవ్వదు. ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోకుండా అబ్జర్వేషన్ అని పడుకోబెట్టిన రోజులు ఆ మూడింట్లోకి రావు. డిమెన్షియా మనిషికి తినిపించడం, శుభ్రం చేయడం మెడికేర్ పని కాదు.

నర్సింగ్ హోమ్ అడ్మిషన్ కాగితాల్లో "రెస్పాన్సిబుల్ పార్టీ" అని ఒక గీత ఉంటుంది. మేము చేర్చిన చోట డెస్క్ దగ్గరావిడ అక్కడ మా ఆయన పేరు ముందే టైప్ చేసి పెట్టింది. పిల్లలు సొంత డబ్బుతో హామీ ఉండాలని అడగడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. ఆయన తరఫున పవర్ ఆఫ్ అటార్నీగా అని స్పష్టంగా రాసి సంతకం పెట్టండి, ఉత్త పేరు రాయకండి.

మీ ప్రశ్నలో లేదు గానీ, నాన్నగారి పేరు మీద ఇండియాలో పొలమో, ఫ్లాటో, బ్యాంకులో ఎఫ్‌డీలో ఉన్నాయా? అమ్ముకోగలిగినవైతే అవీ లెక్కలోకి వస్తాయి. ఇప్పుడు హడావిడిగా మేనల్లుడికి గిఫ్ట్ డీడ్ రాయిస్తే ఇక్కడి ఐదేళ్ల లెక్కలో అదీ పడుతుంది. అత్తయ్య పొలాన్ని మేము మార్కెట్ ధరకే అమ్మి, ఆ డబ్బుతో నర్సింగ్ హోమ్ బిల్లులు కట్టి, అది అయిపోయాక అప్లికేషన్ పెట్టాం. సిటిజన్‌షిప్ మారినవాళ్లు వ్యవసాయ భూమిని ఇండియాలో ఉండే భారత పౌరులకే అమ్మాలి, కాబట్టి కొనేవాళ్లు దొరకడానికి టైమ్ పడుతుంది. అలాంటివేమన్నా ఉంటే కింద రాయండి, మాకు ఏయే కాగితాలు అడిగారో చెబుతాను.