బొప్పాయిలో పోతు మొక్కే ముందు పూస్తుంది, తొందరపడి పీకకండి

ఆరు మొక్కల్లో రెండు మాత్రమే పూశాయి, పూలన్నీ రాలిపోతున్నాయి, మిగతా నాలుగు పూయనే లేదు, అన్నీ తీసేయాలా అని అడిగారు. వద్దండీ, టెన్షన్ పడకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ రెండూ పోతు మొక్కలే అయ్యుంటాయి. బొప్పాయిలో మగ మొక్కలు సాధారణంగా కొంచెం ముందే పూతకొస్తాయి. కాయను మోయాల్సిన పని లేదు కదా, పుప్పొడికి పెద్ద బలం అక్కర్లేదు. ఆడ మొక్క ముందు బలం కూడగట్టుకుంటుంది. పాలకూరలోనూ అంతే, మగ మొక్కలే ముందు పూకాడ వేస్తాయి.

పూత రాకముందు ఆకును చూసో కాండాన్ని చూసో ఆడా మగా చెప్పలేం. మొగ్గ వచ్చాక మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. సన్నటి గొట్టాల్లాంటి పూలు పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడితే మగది. కాండానికి అంటుకున్నట్టు, అడుగున ఉబ్బిన మొగ్గ ఒకటో రెండో కనిపిస్తే ఆడది. ఒక మొగ్గను నిలువుగా చీల్చి చూడండి, లోపల చిన్న కాయ ఆకారం ఉంటే అది కాయ కాసే మొక్కే.

మిగతా నాలుగింటికీ ఇంకో నెల, నెలన్నర గడువివ్వండి. వాటిలో ఆడవి తేలాక ఒక పోతు మొక్కను ఉంచి రెండోది తీసేయండి. పది ఆడ మొక్కలకు ఒక్క మగది చాలు. తల నరికితే మగది ఆడదవుతుందనే మాట మాత్రం నమ్మకండి, లింగం విత్తనంలోనే నిర్ణయమైపోతుంది.

ఈసారి నాటేటప్పుడు గుంతకు మూడు మొక్కలు పెట్టి, పూత చూశాక ఒకటి ఉంచుకోండి.