వెనుక సీటు కింద వాననీరు

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా పికప్ ట్రక్కు 11 ఏళ్లది. వాన పడితే వెనుక సీటు కింద తివాచీ తడుస్తోంది. వెనుక అద్దం చుట్టూ సిలికాన్ పూసినా ఆగలేదు. అద్దం మార్చించాలా?

జవాబు: అద్దం జోలికి ఇప్పుడే వెళ్లకండి. నీరు కనిపించే చోటు వేరు, దూరే చోటు వేరు. ఇలాంటి బండి వస్తే నేను ముందు చూసేది అద్దానికి పైన, కప్పు అంచున ఉండే మూడో బ్రేకు దీపాన్ని. దాని వెనుక నీరు దూరకుండా పెట్టే స్పాంజి పట్టీ (గాస్కెట్) ఎండకు ఎండి అణిగిపోతుంది. అక్కడ దూరిన నీరు లోపలి అట్టల చాటుగా జారి సీటు కిందకు చేరుతుంది.

తేల్చుకోవడానికి ఒకరిని టార్చితో లోపల కూర్చోబెట్టి, గొట్టంతో సన్నగా నీళ్లు పట్టండి. అద్దం కింది అంచుతో మొదలుపెట్టి, ఒక్కో చోట ఐదు నిమిషాలు ఆగుతూ పైకి రండి. పైనుంచి మొదలుపెడితే నీరు అంతటా పారి ఏదీ తేలదు.

దీపమే కారణమైతే కొత్త గాస్కెట్ చాలు. పక్కకు జరిగే అద్దమైతే కింది గాడిలోని నీటి రంధ్రాలు మట్టితో పూడాయేమో చూడండి. పూసిన సిలికాన్ మాత్రం తీసేయండి. పుల్లటి వాసన వచ్చే రకమైతే రేకుకు తుప్పు పట్టిస్తుంది. తివాచీని ఎత్తి, కింది ఫోమును ఈ వారమే ఆరబెట్టండి.