సంతకానికి ముందు లెక్క చూడండి

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ని. పేద పిల్లలకు ట్యూషన్లు చెప్పించే సొసైటీలో నన్ను కమిటీ మెంబర్‌గా తీసుకున్నారు. మీటింగులో సెక్రటరీగారు లెక్కలు గబగబా చదివేసి మినిట్స్ బుక్ నా ముందుకు తోస్తారు. ఏమైనా అడిగితే ‘మామీద నమ్మకం లేదా?’ అంటారు. ఏం చేయను?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: టీచరమ్మా, మొహమాటపడకండి. సొసైటీల ఆడిట్లు చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కాజేసిన డబ్బు కంటే ఎవరూ అడగక దారి తప్పిన డబ్బే ఎక్కువ చూశాను. మన 2001 సొసైటీల చట్టం కనీసం ఏడుగురు సభ్యులుండాలంటుంది. ఒక్కరి మాటే చెల్లితే ఏడుగురెందుకు?

లెక్కలు వారం ముందే పంపమనండి. బ్యాంక్ స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని చూడండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండేలా తీర్మానం చేయించండి. ఆదాయపన్ను మినహాయింపు తీసుకుంటుంటే, ఏడాది ఆదాయంలో 85 శాతం ఆశయానికే ఖర్చవ్వాలి. బిల్డింగ్ కోసమని మిగతా 15 శాతానికి మించి దాస్తుంటే, దేనికోసమో ఆదాయపన్ను శాఖకు గడువులోగా రాసివ్వాలి. ఇచ్చారా అని అడగండి.

నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపించేది పిల్లల లెక్క. ఎనిమిదిలో చేరినవాళ్లలో ఎందరు పదో తరగతి దాటారు? ఆడపిల్లలు ఏ నెలలో మానేస్తున్నారు, ఎందుకు? వచ్చే ఏడాది ఏం చేయాలో దీన్నిబట్టే తేలుతుంది. చాలా కమిటీల దగ్గర ఈ రిజిస్టరే ఉండదు. అది మీరు మొదలుపెట్టండి.