పాత మోటారు పడవ కొనేటప్పుడు ఇంజిను కంటే ముందు వెనుక పలకను చూడండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: తిరుపతిలో ఉంటున్న మీకు భార్య, ఇద్దరు పిల్లలతో సెలవు రోజుల్లో నీటి మీద తిరగాలన్న కోరిక ఉంది. చెన్నైలో ఒకరు 14 అడుగుల ఫైబరు పడవను 40 హెచ్‌పీ ఇంజిను, ట్రైలరుతో సహా 4 లక్షలకు ఇస్తామంటున్నారు. ఇంజిను చక్కగా తిరుగుతున్న వీడియో కూడా పంపారు. 2018లో నేను దాదాపు ఇటువంటి పడవనే, అదీ ఇంజిను శబ్దం విని మురిసిపోయి కొన్నాను. నాలుగేళ్లు ఉంచుకుని అమ్మేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను కనుక కొన్ని మాటలు మీ ఉత్సాహానికి అడ్డు తగిలితే మన్నించండి.

మీకు పంపిన వీడియోకు పెద్దగా విలువ ఇవ్వకండి. ఇంజిను చెడితే బాగుచేయించవచ్చు, బాగుపడకపోతే విప్పేసి మరొకటి తగిలించవచ్చు. పడవ ఒళ్లు చెడితే అలా కుదరదు. ఆ ఒంటిలోనూ మొదట చెడేది ఇంజిను తగిలించే వెనుక పలక. పైకి అది గట్టి ఫైబరులాగే కనిపిస్తుంది గాని, చాలా పడవల్లో రెండు ఫైబరు పొరల నడుమ ప్లైవుడ్ ఉంటుంది. బోల్టులు దిగిన రంధ్రాల చుట్టూ వేసిన సీలు ఎండి పగిలిందంటే, పడవ నీళ్లలో ఉన్నంతసేపూ చెమ్మ లోపలికి దిగుతూనే ఉంటుంది. పై రంగు నిగనిగలాడుతుండగానే లోపలి చెక్క కుళ్లిపోతుంది.

నాకు ఈ సంగతి పులికాట్ సరస్సులో తెలిసింది. కొన్న నెలకు నా భార్య, కుమార్తె, మామగారితో కలిసి బయలుదేరి, ఒడ్డు నుంచి కొంత దూరం పోయాక వేగం పెంచగానే ఇంజిను వెనక్కి వంగినట్టు అనిపించింది. తిరిగి చూస్తే పలక అంచున వెంట్రుక మందాన పగులు, బోల్టు పక్క నుంచి సన్నగా కారుతున్న నీరు కనిపించాయి. ఇంజిను ఆపి, దగ్గరలో వలలు తీస్తున్న ఒక పెద్దాయనను కేకవేస్తే, ఆయన తన నావకు మా పడవను కట్టుకుని గెడ వేస్తూ ఒడ్డుకు చేర్చారు. నీళ్లు నడుము లోతుకు మించి లేవు కనుక ప్రాణభయం లేదు గాని, మా మామగారు ఆ తరువాత పడవ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవారు. ఆ పెద్దాయన వేలి కణుపుతో పలకను ఆ చివర నుంచి ఈ చివరకు తట్టి, “లోపల చెక్క లేదు సార్, నానిన అటుకులున్నాయి” అన్నారు. విప్పించి చూస్తే అక్షరాలా అంతే. కుళ్లిన చెక్కంతా తీసి, మెరైన్ ప్లైవుడ్ పెట్టి, మళ్లీ ఫైబరు వేయడానికి నాకు 42 వేలు ఖర్చయింది.

కనుక మీరు వెళ్లేటప్పుడు ఒక చిన్న చెక్క సుత్తి తీసుకువెళ్లి పలకంతా, పడవ నేలంతా తట్టండి. మంచి చెక్క ఉన్నచోట గట్టి మోత వస్తుంది, కుళ్లినచోట శబ్దం మందగిస్తుంది. తరువాత ఇంజినును పైకి ఎత్తి, నీళ్లలో మునిగే దాని కింది కాలును పట్టుకుని కిందికీ మీదికీ ఊపుతూ, పలక దానితోపాటు కదులుతున్నదేమో మరొకరిని చూడమనండి. అది పిసరంత కదిలినా అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి రావడం మేలు.

నాకు ఆలస్యంగా తట్టిన మరో పరీక్ష తూకం. పడవ తేలడానికి నేల కింద నింపే నురుగు (ఫోమ్) ఏళ్ల తరబడి నీటిని పీల్చుకుంటుంది, అది కంటికి కనపడదు. అమ్మకందారు ఒప్పుకుంటే పడవను ట్రైలరుతో సహా వేబ్రిడ్జి ఎక్కించండి. పరీక్షకు పడవను నీళ్లలోకి దించినప్పుడు ఖాళీ ట్రైలరును విడిగా తూచి, ఆ తేడాలో నుంచి ఇంజిను, బ్యాటరీ, పెట్రోలు బరువులు తీసివేస్తే మిగిలేది పడవ ఒంటి బరువు. నా పడవ ఒంటిని కట్టినవారు 220 కిలోలని చెప్పగా, రేణిగుంట దగ్గర తూచినప్పుడు 310 తేలింది. అంటే ఒక పెద్ద మనిషి బరువుకు మించిన నీటిని మోసుకుంటూ, దాన్ని లాగడానికి పెట్రోలు పోస్తూ తిరిగానన్నమాట.

ఇంజిను విషయం క్లుప్తంగా చెబుతాను. మీరు చేరేసరికి అది చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజిను మొదటి లాగుకే అందుకోవడంలో వింత లేదు. కింది గేరు పెట్టె నూనెను రెండు చుక్కలు తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరిందని అర్థం. సిలిండర్ల కంప్రెషను, అంటే లోపలి ఒత్తిడి, కొలిపించినప్పుడు వాటి మధ్య తేడా 10 శాతానికి మించకూడదు. ఇంజినును చల్లబరిచే నీరు నడుస్తున్నంతసేపూ వెనుక నుంచి బలమైన ధారగా రావాలి. పులికాట్ బురదకు నీటి పంపులోని రబ్బరు రెక్కలు త్వరగా అరుగుతాయి, నేను ప్రతి సీజనుకూ మార్చేవాణ్ని. ఉప్పునీటిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో లోపల కడగకపోతే ఎంత పేరున్న ఇంజినైనా నిలవదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది చెమ్మను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచకండి. పాత రబ్బరు గొట్టాలను కొన్న వెంటనే మార్చండి.

ట్రైలరును చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఉప్పునీటిలో మునిగిన చక్రాల బేరింగులు తుప్పుపడతాయి. నాది పుత్తూరు దాటాక పట్టేసి, రాత్రంతా రోడ్డు పక్కన కూర్చోబెట్టింది. అది తమిళనాడులో రిజిస్టరైన ట్రైలరైతే దాని ఆర్‌సీ, ఎన్‌ఓసీ విడిగా అడగండి. పడవకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్లు, బీమా ఉన్నాయో లేదో చూడండి. ఆ చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషను దేశమంతటా చెల్లుతుంది. ఇంజిను బిగింపు మీది సీరియల్ నంబరు బిల్లుతో సరిపోవాలి. పై మూత మీది హెచ్‌పీ స్టిక్కరును నమ్మకండి, మూతలు మారుస్తారు.

ఇంతకూ పడవను ఎక్కడ తిప్పుతారో మీరు రాయలేదు. కల్యాణి డ్యాం మన ఊరి తాగునీరు, అక్కడ పెట్రోలు ఇంజిను దించాలనుకోవడమే తప్పు. ఇక మిగిలింది పులికాట్, అది పక్షుల అభయారణ్యం కనుక అటవీశాఖను ముందే అడగాలి. సరస్సు లోతు తక్కువ, వేసవిలో మనవైపు చాలా భాగం ఎండిపోతుంది. శ్రీహరికోట రాకెట్ ప్రయోగాల రోజున జాలర్లను కూడా సముద్రంలోకి పోనివ్వరు. నా లెక్కలో ఏడాదికి పది, పన్నెండు రోజులకు మించి పడవ కదలలేదు. తడ దగ్గరి భీములవారిపాలెం వెళ్లి, జాలరి పడవలో ఒకటి రెండుసార్లు తిరిగి చూశాక కూడా మీకు సొంత పడవ కావాలనిపిస్తేనే ముందుకు వెళ్లండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద ప్రమాదం జరిగినప్పటి నుంచి, అందరూ లైఫ్ జాకెట్ల బకిల్సు పెట్టుకుంటే తప్ప నా భార్య పడవలో కాలు పెట్టేది కాదు. పిల్లలకు పెద్దల జాకెట్లు తొడగకండి, నీళ్లలో అవి తల మీదుగా జారిపోతాయి. నడిపేవారి చేతికి కట్టుకునే ఎర్ర తాడు లాగగానే ఇంజిను ఆగుతున్నదో లేదో కొనేరోజే లాగి చూడండి.

మీరు చెప్పిన పడవకు వస్తే, 14 అడుగుల దానికి 40 హెచ్‌పీ ఎక్కువేమోనని నా అనుమానం. గరిష్ఠంగా ఎంత శక్తి, ఎంత బరువు పెట్టవచ్చో తెలిపే రేకు లోపల బిగించి ఉందేమో చూడండి. అమ్మకందారు వేబ్రిడ్జికి ఒప్పుకుని మీకు రసీదు చేతికి వస్తే, ఇంజిను మోడలుతోపాటు ఆ అంకెలు రాయండి. నీరు పీల్చిందో లేదో లెక్క వేసి చెబుతాను.