నియమించారా, నియమించబడ్డారా, నియామకమయ్యారా?

సందేహం: నగర జలమండలిలో ఒక ప్రభుత్వాధికారికి చోటిచ్చిన వార్తను ఒకేరోజు మూడు తీరుల్లో చదివాను. "జలమండలి బోర్డుకు నియమించబడ్డారు" అని ఒకరు రాస్తే, "బోర్డు సభ్యునిగా నియామకమయ్యారు" అని ఇంకొకరు, "సభ్యులుగా నియమించడం జరిగింది" అని మరొకరు రాశారు. వీటిలో ఏది సరైనది? మండలి అన్నాక మళ్ళీ బోర్డు ఎందుకు? పైగా ‘నియామకం’ అనే మాటకు సంస్కృతంలో ఆ అర్థమే లేదని, కాబట్టి అది తప్పని మా మిత్రుడు వాదిస్తున్నాడు. ఆయన మాట నిజమేనా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన కారణం నిజం, దాని నుంచి తేల్చిన ఫలితం మాత్రం సరికాదు. ‘ని’ అనే ఉపసర్గ ‘యమ్’ అనే ధాతువుతో కలిసినప్పుడు అదుపులో ఉంచడం, కట్టడి చేయడం అనే అర్థం వస్తుంది. దానికి కర్తను తెలిపే ‘అక’ ప్రత్యయం చేరితే, గాయకుడు, పాచకుడు అన్నట్టే, ‘నియామకుడు’ అవుతుంది. అంటే అదుపు చేసేవాడు, నడిపించేవాడు. అమరకోశం వారివర్గంలో, అంటే నీటికి సంబంధించిన పదాలన్నిటినీ పోగుచేసిన చోట, "నియామకాః పోతవాహాః" అని కనిపిస్తుంది. ఓడను నడిపేవారికి అక్కడ ఆ పేరు. జలమండలి గురించిన సందేహంలో ఈ మాట నీళ్ళ మీదే దొరకడం నాకు ముచ్చటగా అనిపించింది. హిందీవారు ఇప్పటికీ నియంత్రించే వ్యక్తినీ సంస్థనూ ‘నియామక్’ అంటారు, ఉద్యోగంలో పెట్టడాన్ని ‘నియుక్తి’ అంటారు. తమిళులు, మలయాళులు ఈ రెండో అర్థంలో ‘నియమనం’ అంటారు. సంస్కృత వ్యాకరణం దృష్టితో చూస్తే పనిని తెలిపే మాటగా అదే నిర్దుష్టమైనది. కన్నడిగుల ‘నేమక’ మన ‘నియామకం’ దారిలోనే నడిచింది.

అయితే సంస్కృతంలో లేని అర్థం తెలుగులో ఉండకూడదనే నియమం ఎక్కడా లేదు. ‘ఉద్యోగం’ అంటే సంస్కృతంలో ప్రయత్నం, మనకు కొలువు. ‘అభ్యంతరం’ అంటే అక్కడ లోపలి భాగం, ఇక్కడ అడ్డు చెప్పడం. ‘అవసరం’ అంటే అక్కడ అదను, ఇక్కడ అక్కర. మీ మిత్రుడు తాను ఉద్యోగం చేస్తున్నానని చెప్పుకోవడానికి జంకకపోతే, ఆ ఉద్యోగానికి నియామకపత్రం అందిందని చెప్పుకోవడానికీ జంకనక్కరలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. హిందీ పత్రాన్ని తెలుగు చేసేటప్పుడు ‘జల నియామక్’ అనే మాట ఎదురైతే దాన్ని ‘జల నియామకం’ అని దించుకోకూడదు. అది నీటి వ్యవహారాలను నియంత్రించే సంస్థ, సభ్యులను పెట్టడానికి దానితో సంబంధం లేదు.

ఇక క్రియ సంగతి. ‘నియమించబడ్డారు’ వ్యాకరణ దోషం కాదు. గ్రాంథికంలో ‘నియమింపఁబడె’ అనే రూపం ఉంది. ‘నియమింపన్’ అనే ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట, మీద ‘పడు’ చేరినప్పుడు పరుషమైన పకారం సరళమైన బకారంగా మారి ‘బడు’ అవుతుంది. దోషం కాకపోయినా, అది తెలుగువాడి నోట సహజంగా పలికే మాట కాదు. ‘కొట్టబడ్డాడు’ అనం, ‘దెబ్బలు తిన్నాడు’ అంటాం. ‘తిట్టబడ్డాడు’ అనం, ‘చీవాట్లు తిన్నాడు’ అంటాం. చేసినవాడి పేరు చెప్పనక్కరలేనప్పుడు తెలుగు కర్తను ఊరకే వదిలేసి, క్రియను బహువచనంలో పెట్టి ఊరుకుంటుంది. "ఆయన్ని బోర్డులో వేశారు", "ఆమెను కమిటీలోకి తీసుకున్నారు" అని మాటల్లో అనేది అందుకే. ఎవరు వేశారని అక్కడ ఎవరూ అడగరు. "ఆయనను సభ్యుడిగా నియమించారు" అనేది ఆ వాడుకకే రాతలో వేసిన మర్యాద దుస్తు.

అలాగని ‘బడు’ను రాతలోంచి పూర్తిగా వెళ్ళగొట్టాలని నేను అనను. దానికి తగిన చోటు ఒకటి ఉంది. మండలి నిబంధనల్లో "నియమించిన సభ్యుడు మూడు సమావేశాలకు వరుసగా రాకపోతే" అని ఒక వాక్యం ఉందనుకోండి. నియమించిన సభ్యుడు ఎవరు? ఇతరులను నియమించినవాడా, తానే నియామకం పొందినవాడా? తెలుగు క్రియాజన్య విశేషణానికి ఈ రెండర్థాలూ సమానంగా వస్తాయి. ‘వండిన మనిషి’ వండినవాడే, ‘వండిన కూర’ మాత్రం వండటానికి గురైనది. కూర వండలేదు కనుక అక్కడ చిక్కు రాదు. సభ్యుడు నియమించగలడు, నియమితుడూ కాగలడు కనుక ఇక్కడ చిక్కు తప్పదు. "మేయరు నియమించిన సభ్యుడు" అని కర్తను చెబితే చిక్కు విడిపోతుంది. కర్తను చెప్పే వీలు లేకపోతే ‘నియమింపబడిన సభ్యుడు’ అనో, అంతకన్నా మేలుగా ‘నియమిత సభ్యుడు’ అనో రాయాలి. నిబంధన రాసేవారికి ‘బడు’ పనికివచ్చినంతగా వార్త రాసేవారికి పనికిరాదు.

‘నియామకమయ్యారు’ అనే రూపాన్ని చాలామంది పండితులు ఒక్కమాటతో కొట్టేస్తారు. మనిషి నియామకం ఎలా అవుతాడు, నియామకం ఒక పని కదా అని వారి ఆక్షేపణ. ఆ తర్కాన్నే చివరిదాకా పట్టుకుంటే "ఆయన ఎన్నికయ్యారు", "ఎంపికయ్యారు", "బదిలీ అయ్యారు", "విడుదలయ్యారు", "అరెస్టయ్యారు" అనేవన్నీ తప్పులే కావాలి. ఎన్నిక, బదిలీ కూడా పనులే కదా! నిజానికి తెలుగులో ‘అవు’ అనే ధాతువు ఎంతో కాలంగా కర్మణి ప్రయోగం పనిని, అంటే ‘బడు’ చేసే పనిని, చడీచప్పుడు లేకుండా చేస్తోంది. పని ఎవరిపై పడిందో ఆ మనిషి కర్త స్థానంలోకి వచ్చి, పని పేరు ‘అవు’తో చేరుతుంది. ఈ మాటలో నిజమెంతో పరీక్షించి చూడవచ్చు. తానై చేసే పనికి ఈ రూపం సాధారణంగా కుదరదు. "ఆయన రాజీనామా చేశారు" అనాలేగాని "రాజీనామా అయ్యారు" అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కనుక ‘నియామకమయ్యారు’ అన్నవారు భాష తెలియక అనలేదు, భాష నేర్పిన అచ్చులోనే పోతపోశారు.

అయినా నా ఓటు ‘నియమితులయ్యారు’కే. కారణం తర్కం కాదు, వాడుక. సంస్కృతం నుంచి వచ్చిన పని పేరుకు ‘త’తో ముగిసే విశేషణం సిద్ధంగా ఉన్నప్పుడు, మనిషిని చెప్పడానికి తెలుగు ఆ విశేషణాన్నే ఎంచుకుంటుంది. ‘సన్మానమయ్యారు’ అని ఎవరూ రాయరు, ‘సన్మానితులయ్యారు’ అని రాస్తారు. బహిష్కరణకు గురైనవారు ‘బహిష్కృతులు’ అవుతారు. ఎన్నిక, ఎంపిక, బదిలీ అనే మాటలకు అలాంటి జంట లేదు కనుక అవి నేరుగా ‘అవు’ చెంతకు చేరాయి. ‘నియుక్తులయ్యారు’ అన్నా తప్పులేదు. అది ‘యుజ్’ ధాతువు నుంచి వచ్చిన మాట. ‘నియోజకవర్గం’ కూడా ఆ ఇంటి బిడ్డే. తమ ప్రతినిధిని నియోగించే జనసమూహం అని దాని అసలు అర్థం. ఇప్పుడు మనం దాన్ని వాళ్ళు నివసించే ప్రాంతానికి వాడుతున్నాం.

మీరు చూసిన మూడింటిలో నాకు నిజంగా ఇబ్బంది కలిగించేది "నియమించడం జరిగింది". జరగడం అనేది వాన కురిసినట్టు, ప్రమాదం సంభవించినట్టు, ఎవరి ప్రమేయమూ లేని వాటికి తగిన మాట. ఒక నగరానికి నీళ్ళిచ్చే సంస్థను నడిపే మండలిలో ఒకరిని కూర్చోబెట్టడం ఎవరో ఒకరు తెలిసి చేసే పని. దానికి బాధ్యులున్నారు. "చేయడమైనది", "నియమించడమైనది" అనే సర్కారు కార్యాలయాల భాష ఆ బాధ్యులను తెర వెనక్కి పంపుతుంది. "ప్రభుత్వం ఫలానా అధికారిని సభ్యుడిగా నియమిస్తూ ఉత్తర్వు జారీచేసింది" అంటే ఎవరు చేశారో, ఎవరిని చేశారో, దేనితో చేశారో ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

ఇక్కడ మీరు అడగని సంగతి ఒకటి చెప్పక తప్పదు, ఎందుకంటే చాలా వార్తల్లో తప్పు దొర్లేది రూపంలో కాదు, మాటను ఎంచుకోవడంలో. మండలిలోకి మనిషి వచ్చే దారులు ఒకటికి మించి ఉంటాయి. ఒకరు పేరు సూచించి, నగర పాలకమండలి ఆమోదం తెలిపాకే నియామకం చెల్లే పద్ధతి ఉన్నచోట, ఆమోదానికి ముందే "నియమించారు" అని రాయడం భాష తప్పు కాదు, వాస్తవం తప్పు. అప్పటికి జరిగింది ప్రతిపాదన మాత్రమే. ‘నామినేషన్ వేశారు’ అని రాయడం ఇంకా పెద్ద చిక్కు. తెలుగులో నామినేషన్ అంటే ఎన్నికల్లో పోటీకి అభ్యర్థి తానుగా దాఖలు చేసే పత్రమని స్థిరపడింది. కనుక పైవారు ఒకరి పేరు నిర్ణయించినప్పుడు ‘నామినేట్ చేశారు’ లేదా ‘నామనిర్దేశం చేశారు’ అనాలి. ఇక ఒక పదవిలో ఉన్నందువల్లే మండలిలో చోటు దక్కితే, ఉదాహరణకు నగర కమిషనరుగా ఉన్నవారు ఎవరైనా మండలి సభ్యులే అని నిబంధన ఉంటే, అక్కడ నియామకమే లేదు. చోటు పదవిది, మనిషిది కాదు. ఆ మనిషి బదిలీ అయితే కుర్చీలోకి వచ్చిన కొత్త మనిషే సభ్యుడవుతాడు. అలాంటప్పుడు "హోదారీత్యా సభ్యుడు" లేదా "పదవీరీత్యా సభ్యుడు" అంటే చాలు.

‘ప్రభుత్వాధికారి’ అనే మాట విషయంలోనూ తూకం అవసరం. ఇంగ్లీషులో ఎన్నికైనవారినీ, ఉద్యోగులనూ కలిపి చెప్పే పబ్లిక్ అఫీషియల్ అనే మాటకు తెలుగులో ఒకే పదం లేదు. ఎన్నికైనవారు ప్రజాప్రతినిధులు, జీతానికి పనిచేసేవారు ప్రభుత్వోద్యోగులు లేదా అధికారులు. ఒక కార్పొరేటరును మండలిలోకి తీసుకుని "అధికారిని నియమించారు" అని రాస్తే పాఠకుడికి తప్పు చిత్రం అందుతుంది. రెండింటినీ కలపడానికి ‘ప్రజాధికారి’ అని ఎవరైనా కొత్తగా అల్లితే, దాన్ని నేను స్వాగతించను.

"బోర్డుకు నియమించబడ్డారు" అనే వాక్యంలో ‘బోర్డుకు’ అనేది ఒంటరిగా నిలవదు. ఏమిగా నియమించారు? బోర్డుకు అధ్యక్షుడిగానా, కార్యదర్శిగానా, గుమస్తాగానా? ఒక మనిషికి పదవి ఇచ్చినప్పుడు తెలుగులో ‘నియమించు’ క్రియ సాధారణంగా ఒక ‘గా’ను కోరుతుంది. "బోర్డులో సభ్యుడిగా", "బోర్డుకు అధ్యక్షుడిగా" అని పూరించాలి. సభ్యుడు లోపల ఒకడు కనుక ‘లో’, అధ్యక్షుడు మొత్తానికి పెద్ద కనుక ‘కు’. ‘బోర్డు మీద’, ‘బోర్డుపై’ అనేవి ఇంగ్లీషు వాక్యాన్ని మక్కికి మక్కి దించడం వల్ల వచ్చినవి. మన బోర్డు మీద సుద్దముక్కతో రాస్తాం.

మండలి, బోర్డు అనే జంట గురించి మీ అనుమానం సగం న్యాయమైనది. మండలి అంటే బోర్డే. కానీ ‘జలమండలి’ అనే పేరు ఇప్పుడు పత్రికల్లో కూర్చుని తీర్మానాలు చేసే కొద్దిమందికి కాక, గొట్టాలు వేసి, మురుగు తీసి, బిల్లులు పంపే మొత్తం సంస్థకు వర్తిస్తోంది. అందువల్ల ఆ సంస్థ లోపలి పాలకవర్గాన్ని విడిగా చెప్పవలసి వచ్చినప్పుడు ఇంకో మాట కావలసిందే. "జలమండలి పాలకవర్గంలో" అంటే పునరుక్తి కనిపించదు, అర్థమూ నిలుస్తుంది. ‘జలమండలి బోర్డు’ అన్నవారిని మాత్రం మరీ నిందించకండి. ‘నడిమధ్య’ అని అందరం అంటూనే ఉన్నాం.

చివరిగా ‘సభ్యునిగా’, ‘సభ్యుడిగా’ గురించి. రెండూ సరైనవే. పాత రాతలో ‘ని’, నేటి వాడుకలో ‘డి’ ఎక్కువ. ఒకే రచనలో రెండింటినీ కలపకుండా ఉంటే చాలు. ‘సభ్యులుగా’ అని గౌరవం కోసం ఒక్కరికే రాస్తే ఎందరిని నియమించారో తెలియదు కనుక, గౌరవాన్ని క్రియలో ఉంచి నామాన్ని ఏకవచనంలోనే వదిలేయడం మంచిది. "ఆయన సభ్యుడిగా నియమితులయ్యారు" అనే వాక్యంలో డు, లు కలిసిరాలేదని కొందరు అంటారు. "ఆయన మంచి వైద్యుడు, నిన్న వచ్చారు" అనే వాక్యాన్ని వారు తప్పుపట్టనప్పుడు దీన్నీ పట్టనక్కరలేదు. స్త్రీ అయితే "సభ్యురాలిగా నియమితులయ్యారు" అని రాయండి. ‘నియమితురాలయ్యారు’ అన్నా సరే, కాస్త బరువుగా వినిపిస్తుంది, అంతే.